స్క్రూడ్రైవర్ పడితే పరువు పోదు

‘హార్డ్‌వేర్ ఏంటండీ, మెకానిక్ పని! మావాణ్ని సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాలి.’ కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట ఇది. ఆ పిల్లాడేమో ఇంట్లో మూలపడ్డ డెస్క్‌టాప్‌ను విప్పి, బిగించి, నడిపించినవాడు. ఆ సంగతీ వాళ్లే చెబుతారు, ఫిర్యాదులాగా. అమ్మాయైతే ఆ మాత్రం విప్పనివ్వడం కూడా అరుదు.

పిల్లల్లో కనిపించే ఈ గుణాన్ని చెడగొట్టకండి. ‘సిస్టమ్ ఆన్ అవుతోంది, డిస్‌ప్లే రావట్లేదు’ అన్న కేసే తీసుకోండి. పని రానివాడు మదర్‌బోర్డు పోయిందని చెప్పి వేలు అడుగుతాడు. వచ్చినవాడు ముందు మానిటర్ కేబుల్ చూస్తాడు, బీప్‌లు ఎన్ని వస్తున్నాయో వింటాడు, ర్యామ్ తీసి దాని కాంటాక్టులను రబ్బరుతో తుడిచి ఇంకో స్లాట్‌లో పెడతాడు. తేదీ, టైమ్ రోజూ వెనక్కి పోతున్నాయంటే సీఆర్2032 బటన్ సెల్ మారుస్తాడు. డిస్క్ ముట్టుకునే ముందు డేటా బ్యాకప్ ఉందా అని అడుగుతాడు. ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూస్తాడు. సర్వర్ రూమ్‌లోనూ, మీరు కలలుగనే సాఫ్ట్‌వేర్ డీబగ్గింగ్‌లోనూ నడిచేది ఈ పద్ధతే.

పనికి కొదవేమీ లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. నాలుగో తరం ఐ3 మెషీన్లతో నెట్టుకొస్తున్న బడులు, దుకాణాలు, చిన్న ఆఫీసులు ఇప్పుడేం చేయాలి? దేన్ని అప్‌గ్రేడ్ చేయాలో, దేనికి లినక్స్ మింట్ వేయాలో, దేన్ని అధీకృత ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు పంపాలో తేల్చే మనిషి కావాలి. హార్డ్‌డిస్క్ తీసి సాటా ఎస్ఎస్‌డీ పెడితే సెకనుకు 100-150 ఎంబీ చదివే చోట 500 ఎంబీ దాకా వస్తుంది. ర్యామ్ 4 జీబీ నుంచి 8కి పెంచితే ఆఫీసు పనికి ఆ సిస్టమ్ చక్కగా సరిపోతుంది. అయితే డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ పట్టదు. కొత్త తరం ప్రాసెసర్ కావాలంటే బోర్డు, ర్యామ్ కూడా మార్చాల్సిందే. అంత ఖర్చు దండగ అని కస్టమర్‌కు ముఖం మీదే చెప్పగలిగినవాడి దగ్గరికే జనం మళ్లీ వస్తారు.

పదో తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది ‘కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్’ ట్రేడ్ ఉంది, పాలిసెట్ రాస్తే డిప్లొమా ఉంది. నా ఓటు ముందు ఐటీఐకే.

అసలు భయం కోచింగ్ సెంటర్లతో. అమీర్‌పేట వెళ్లి చూడండి: హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, క్లౌడ్, ఎథికల్ హ్యాకింగ్ అన్నీ మూటగట్టి మూడు నెలల్లో నేర్పి, ఉద్యోగం గ్యారంటీ అంటారు. మూడు నెలల్లో అవి నాలుగూ రావు. డబ్బు లేదంటే అక్కడికక్కడే ఈఎంఐ లోన్ కాగితాలు తెస్తారు. దయచేసి సంతకం పెట్టకండి. కోర్సు నచ్చక పిల్లాడు మానేసినా అప్పు వాయిదాలు ఆగవు, ఆ భారమంతా వాడి మనసు మీదే పడుతుంది. ఫీజు మాట ఎత్తకముందే ల్యాబ్ చూపించమనండి. విప్పి బిగించడానికి ఎంతమందికి ఒక సిస్టమ్ ఇస్తారు? పాడైన బోర్డులు ఉన్నాయా? మల్టీమీటర్ చేతికిస్తారా, బొమ్మలో చూపిస్తారా? జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

సర్టిఫికెట్ల పిచ్చీ అంతే. కాంప్‌టియా ఏ ప్లస్ మంచిదే, కానీ అందులో రెండు పరీక్షలున్నాయి, ఫీజు డాలర్లలో. అప్పు చేసి, ఇంటర్ పిల్లాడితో డంప్‌లు (బయటికొచ్చిన పాత పరీక్ష ప్రశ్నలు) బట్టీ పట్టించి రాయించడం అన్యాయం. పని చేతికొచ్చాక, సొంత జీతంతో రాసుకోనివ్వండి.

విద్యార్థులకూ ఒక మాట. లక్ష రూపాయల గేమింగ్ పీసీ కొనిస్తేనే హార్డ్‌వేర్ వస్తుందని ఇంట్లో పట్టుబట్టకండి. పాత డెస్క్‌టాప్ చాలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వాడిన పార్టులూ దొరుకుతాయి. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. మొదటి జీతం తక్కువే ఉంటుంది, అది దాచను. అక్కడే ఆగిపోకుండా లినక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకుంటూ సిస్టమ్ అడ్మిన్ వైపు నడవండి.

అమ్మానాన్నలారా, పక్కింటివాళ్లబ్బాయికి సీఎస్ఈ సీటొచ్చిందని మీవాణ్ని అటు తోయకండి. టెన్త్ ఫలితాలు రాగానే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి. వర్క్‌షాప్ చూసి, ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడి, నిర్ణయం వాణ్నే చెప్పనివ్వండి.