ఆక్యుపంక్చర్ సూదికీ వేగస్ నాడికీ లంకె ఏమిటి?

పోయిన నెల గుంటూరు నుంచి అమ్మ ఫోను. రుమటాయిడ్ కీళ్లవాతానికి ఆక్యుపంక్చర్ మొదలుపెట్టిందట, మాత్రలు మానెయ్యమని అక్కడెవరో చెప్పారట. "కంప్యూటర్లో చూసి చెప్పరా" అంది. నేను డాక్టర్ని కాను, బెంటన్‌విల్‌లో ప్రోగ్రాములు రాసుకునే కన్సల్టెంటుని. అయినా రెండు వారాంతాలు కూర్చుని పరిశోధన పత్రాలు చదివాను. మనలో చాలామందికి ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి కాబట్టి, అర్థమైనంత వరకు ఇక్కడ చెబుతాను.

వేగస్ నాడి మెదడు అడుగు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా వెళుతుంది. మన భాషలో రెండువైపులా నడిచే డేటా బస్ అనుకోండి. దీని పోగుల్లో సుమారు 80 శాతం అవయవాల కబుర్లు మెదడుకి చేరవేసేవే. ఈ నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే వాపు పుట్టించే టీఎన్ఎఫ్ ప్రొటీను తగ్గుతుందని 2000లో కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో చూపింది.

మరి కాలిలో గుచ్చిన సూది అక్కడిదాకా ఎలా వెళుతుంది? 2014లో లూయిస్ ఉల్లోవా బృందం చిట్టెలుకల్లో ఆ దారిని గుర్తించింది: కాలి నాడి, వేగస్, అక్కడినుంచి అడ్రినల్ గ్రంథి, చివరికి డోపమైన్. 2020లో హార్వర్డ్‌లో చియుఫు మా బృందం మరో మెలిక చూపింది. వెనక కాలిమీద 0.5 మిల్లీఆంపియర్ల కరెంటు చాలు, వేగస్ దారి తెరుచుకుంటుంది. పొట్టమీద ఎక్కువ కరెంటు ఇస్తే వేరే దారి నడుస్తుంది. అది జబ్బుకి ముందైతే వాపుని తగ్గించింది, తర్వాతైతే పెంచింది! కారణంలో కొంత భాగం 2021లో తేలింది: వేగస్ దారిని కదిలించే ఒక రకం నాడీకణాలు కాలి లోపలి పొరల్లో ఉన్నాయి, పొట్ట పొరల్లో లేవు. అంటే ఫంక్షన్ ఒకటే అయినా, పారామీటర్లు మారితే ఫలితం తలకిందులు.

ఇక్కడే జాగ్రత్తపడాలి. ఇవన్నీ చిట్టెలుకల్లో, అదీ సూదికి కరెంటు కలిపి, హఠాత్తుగా తెప్పించిన వాపు మీద చేసినవి. ఏళ్ల తరబడి ఉండే కీళ్లవాతం వేరు. మనుషుల్లో ఉత్తుత్తి సూదితో పోల్చి చూడటమూ కష్టమే, గుచ్చే మనిషికి ఏది అసలుదో తెలిసిపోతుంది. అమెరికాలో మెడికేర్ 2020 నుంచి ఆక్యుపంక్చర్‌కి డబ్బు ఇస్తున్నది దీర్ఘకాలపు నడుంనొప్పికి మాత్రమే. కీళ్లవాతానికి 2025లో ఎఫ్‌డీఏ అనుమతించింది మెడలో అమర్చే వేగస్ పరికరాన్ని, సూదిని కాదు.

అమ్మకి ఇదే చెప్పాను: "నొప్పికి ఉపశమనంగా ఉంటే, సూదులు కొత్తవైతే, వేయించుకో. మాత్రలు మాత్రం మీ కీళ్ల డాక్టరుని అడగకుండా ఆపకు. నొప్పి తగ్గినా లోపల కీలు అరుగుతూనే ఉండొచ్చు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, రాత్రి మాత్ర వేసుకున్నాలే" అంది.