అంబాసిడర్‌లో కార్పెట్: మేనల్లుడికి ఉత్తరం



బావగారి అంబాసిడర్‌కు పెయింటింగ్ పూర్తయిందనీ, ఇక కార్పెట్ వేయించాలనీ రాశావు. నేలంతా బంక పూసి అతికించేస్తానని సీటు కవర్ల షాపతను అన్నాడట. ఒప్పుకోకు. ఆ బండి తయారీ ఉత్తరపారాలో 2014లోనే ఆగిపోయింది కాబట్టి, నేల రేకు తుప్పు పట్టిందంటే కోసి, వేరే రేకు వెల్డింగ్ చేయించుకోవాల్సిందే.

పాత బండి కదా, ముందద్దం బీడింగ్‌లోంచో తలుపు రబ్బర్ల సందుల్లోంచో వాననీళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దిగుతాయి. అంటించిన కార్పెట్ కింద చేరిన తడి తొందరగా ఆరదు. పైన చేత్తో తాకితే పొడిగానే ఉంటుంది, కింద రేకును మాత్రం తుప్పు తింటూ ఉంటుంది. అందుకే కాళ్ళు పెట్టుకునే చదును భాగంలో బంక చుక్క కూడా పడకూడదు. అక్కడి ముక్కలు విడిగా కోయించి, అంచులు కుట్టించి, ప్రెస్ బటన్లతో పట్టించు. వానాకాలంలో ఎత్తి ఆరబెట్టుకోవచ్చు. కింద జనపనార ఫెల్టు వేయించకు, అది నీళ్ళు పట్టి ఉంచుతుంది.

బంక కావలసింది గేరుబాక్సు మీది హంప్‌కీ, వెనక చక్రాల పైనుండే గుండ్రటి భాగాలకూ, తలుపుల దగ్గరి గట్లకూ. హంప్ మీద సాగదీసి వంచిన కార్పెట్ ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. మే నెలలో అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. కాగితాలకూ అలంకరణకూ వాడే చవక స్ప్రే బంకలు ఆ వేడికి మెత్తబడి వదిలేస్తాయి. చెక్కపనికి వాడే తెల్ల ఫెవికాల్ అసలే వద్దు. అది ఆరాలంటే చెక్క నీటిని పీల్చుకోవాలి, రేకు పీల్చదు. పైగా తడి తగిలితే మెత్తబడుతుంది.

నీకు కావలసింది రబ్బరు బంక. ఫెవికాల్ ఎస్సార్ 998 ఆ జాతిదే. డబ్బా మీద వేడికి ఎంతవరకు ఆగుతుందో రాసి ఉందేమో చూసి కొను. దాని పద్ధతి వేరు. రేకుకూ, కార్పెట్ వెనకా రెండువైపులా పలచగా పూసి, వేలికి అంటనంత ఆరేదాకా ఆగాలి. మామూలుగా పది పదిహేను నిమిషాలు. తొందరపడి తడిమీద కలిపితే ద్రావకం లోపలే చిక్కుకుని పట్టు రాదు. కలిశాక జరపడం కుదరదు కాబట్టి మధ్యలో కాగితం పరిచి, వరస సరిచూసుకుని, కాగితాన్ని కొంచెంకొంచెంగా లాగుతూ హంప్ నడినెత్తి నుంచి పక్కలకు నొక్కుకుంటూ రావాలి.

కార్పెట్‌కు రెగ్జిన్ అంచులుంటే వాటికి మాత్రం పాలీయురేథేన్ బంక అడుగు. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనె కాలక్రమాన మామూలు రబ్బరు బంకను కరిగిస్తుంది.

ఈ బంకల ద్రావకం ఆవిరికి ఇట్టే మంటంటుకుంటుంది నాయనా. బ్యాటరీ తీగ విప్పించు, తలుపులన్నీ బార్లా తెరిపించు, దగ్గర్లో ఎవర్నీ బీడీ ముట్టించనివ్వకు. కొత్త పెయింటు పూర్తిగా గట్టిపడిందో లేదో పెయింటరును అడిగాకే మొదలుపెట్టు, లేకపోతే బంకలోని ద్రావకానికి ముడతలు పడుతుంది.

డబ్బా కొనగానే బండి దగ్గరికి వెళ్ళకు. అదే పెయింటు వేసిన రేకు ముక్కకు కార్పెట్ పీలిక అంటించి, ఒక రోజు వదిలేసి, మర్నాడు మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో పెట్టు. బాగా కాలాక ఒక మూల పట్టుకుని లాగి చూడు. ఊడి వస్తే ఆ డబ్బా తిరిగిచ్చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య