ట్రెయిలరు లాగు లారీకి ఇరుసు నిష్పత్తి యెట్లుండవలెను?

మన సహకార సంఘములలో కొన్ని చెఱకును, ధాన్యమును మిల్లునకు చేర్చుటకై పాత లారీలను కొని, వాని వెనుక ట్రెయిలరు తగిలించుచున్నవి. కొనునపుడు సభ్యులు ఇంజను శబ్దమును విందురు, టైర్లను తట్టి చూతురు, కాగితములు చదివింతురు. వెనుక ఇరుసు నడుమనున్న గుండ్రని పెట్టెలో ఎన్ని పండ్ల చక్రములున్నవని అడిగినవారిని నేను మిక్కిలి అరుదుగా చూచితిని. ఆ లారీ మన దారికి పనికివచ్చునో రాదో చాలవరకు తేల్చునది ఆ పెట్టెయే.

అందులో రెండు పండ్లచక్రములు ఒకదానితో నొకటి కలిసి తిరుగును. గేరుపెట్టె నుండి వచ్చు ప్రొపెల్లరు షాఫ్టు చివర నుండు చిన్నది పినియను. బండిచక్రములను త్రిప్పు పెద్దది క్రౌను. క్రౌనునకు 41 పండ్లు, పినియనునకు 6 పండ్లు ఉన్నచో, షాఫ్టు 6.83 మార్లు తిరిగినగాని బండిచక్రము ఒకమారు తిరుగదు. పినియనునకు 7 పండ్లున్నచో 5.86 మార్లు చాలును. గునపముతో బండను కదల్చువారికి ఇది క్రొత్త సంగతి కాదు. గునపము పొడవైనకొలది బండ సులభముగా లేచును. చేయి మాత్రము ఎక్కువ దూరము పోవలెను. అట్లే నిష్పత్తి అంకె పెద్దదైనకొలది లాగుడు హెచ్చును, వేగము తగ్గును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక మెట్టప్రాంతపు సంఘము, పెద్దరోడ్లపై సరుకు తోలిన లారీ నొకదానిని కొనెను. ఖాళీగా అది గుఱ్ఱమువలె పరుగెత్తెను. చెఱకు కోతలు మొదలైన వారమునకే, వాగు దాటి గట్టెక్కుచోట ట్రెయిలరుతో నిలిచిపోయి, క్లచ్చు ప్లేటు మాడి పొగలెగసెను. డ్రైవరు చేతకానివాడని అందఱును తిట్టిరి. వేఱొక డ్రైవరు వచ్చెను. వేఱొక ప్లేటును మాడెను. కొట్టిన చెఱకు మూడు దినములు ఎండలో పడియుండి తూకము తగ్గెను. ఆ నష్టము రైతులదే. పిమ్మట లెక్కించి చూడగా ఆ ఇరుసు 41కి 7 పండ్లది. మొదటి డ్రైవరును మరల పిలిచినవారు లేరు.

ఇచట కొంచెము లెక్క అవసరము. 12 టన్నుల లారీకి 8 టన్నుల ట్రెయిలరు తగిలించితి మనుకొందము. మంచి తారురోడ్డుపై సమతలమున ఈ 20 టన్నులను మెల్లగా నడుపుటకు సుమారు 200 కిలోల లాగుడు చాలును. ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు మెరక వచ్చినచో, ఆ మెరక కొఱకే 1000 కిలోలు అదనముగా కావలెను. ట్రెయిలరు లేనిచో 600 కిలోలే. అనగా ట్రెయిలరు వలన భారము మూడింట రెండువంతులు పెరిగినది. 7 పండ్ల పినియను బదులు 6 పండ్లది ఉన్నచో కలిసివచ్చు లాగుడు ఆఱింట నొకవంతు మాత్రమే. తక్కినది క్రింది గేరు ఇయ్యవలెను. ఒకటవ గేరునకు క్రింద మఱి గేరు లేదు గదా! కావున టాపుగేరులో ఎంత వేగము పోవునని అడుగుట కాదు. నిండుబరువుతో మన దారిలో అన్నిటికంటె నిటారైనచోట నిలిపి, ఒకటవ గేరులో, క్లచ్చును కాల్చకుండ మరల బయలుదేరునా యని చూడవలెను. సొమ్ము చెల్లింపక మునుపే, అమ్మువాని ఎదుటనే ఈ పరీక్ష జరుపుడు.

అంతమాత్రమున అందఱికిని పెద్ద అంకెయే మేలనరాదు. డెల్టా సమతలమున తిరుగు లారీకి అది వృథావ్యయము. చుట్టుకొలత 3.2 మీటర్లు గల చక్రము, గంటకు 60 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు 312 మార్లు తిరుగును. టాపుగేరులో ఇంజనును షాఫ్టును సమముగా తిరుగు బండిలో, 6 పండ్ల పినియను ఉన్నచో ఇంజను నిమిషమునకు 2135 చుట్లు, 7 పండ్లది ఉన్నచో 1830 చుట్లు తిరుగవలెను. ఈ 300 చుట్ల భేదము దినమంతయు డీజిలు త్రాగును.

పెట్టె విప్పకయే నిష్పత్తిని తెలిసికొనవచ్చును. ఖాళీ లారీని చదునైన నేలపై నిలిపి, నేలనుండు చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టి, గేరు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వదలి, వెనుక ఒక ప్రక్క చక్రములను మాత్రము జాకీతో లేపవలెను. షాఫ్టుపై సుద్దగీత గీసి, లేపిన చక్రమును సరిగా రెండుమార్లు త్రిప్పవలెను. అప్పుడు షాఫ్టు ఎన్నిమార్లు తిరిగినదో అదియే నిష్పత్తి. ఒకమారే త్రిప్పినచో సగము లెక్క వచ్చును. ఈ పొరపాటు మెకానిక్కులును చేయుచుందురు. లారీ క్రిందికి ఎవరును దూరరాదు.

టైర్ల విషయమునను జాగ్రత్త వలయును. చక్రము పదింట నొకవంతు పెద్దదైనచో లాగుడు పదునొకండింట నొకవంతు తగ్గును. ఇరుసు మార్పించి, వెంటనే అందమునకై పెద్ద టైర్లు వేయించినవాడు తాను కొన్నదానిలో పెద్దభాగమును తిరిగి పోగొట్టుకొన్నట్లే.

నిష్పత్తి మార్చినంతనే బండి మోయదగిన బరువు పెరుగదు; తయారీదారు నిర్ణయించిన హద్దును, రిజిస్ట్రేషను కాగితములోని హద్దును అట్లే యుండును. దిగుడున మాత్రము పెద్ద నిష్పత్తి మఱియొక మేలు చేయును: క్రింది గేరులో ఇంజనే బండిని పట్టి యాపును గనుక బ్రేకులు తక్కువగా కాగును. క్రౌను, పినియను జతగా ఒరిసి అమరినవి. ఒకదానిని మాత్రము మార్చరాదు. మార్చిన పిమ్మట వేగమును చూపు మీటరు తప్పు చూపవచ్చును. దానిని కూడ అప్పుడే సరిచేయించుకొనవలెను.