పాడేవాళ్ల వెనక నిలబడబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్ను ఒక గాయకుడి బ్యాండులోకి పిలిచారని, ఏడాదంతా ఊళ్లు తిరిగి వాయించాలని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. విన్నప్పటి నుంచి నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. దాంతోపాటు నువ్వన్న మాట కూడా చెప్పాడు, "పాడేవాళ్ల వెనక నిలబడితే ఇక ఎప్పటికీ వెనకేనా?" అని. దీనికి జవాబు ఫోన్లో చెప్తే కుదరదని కాగితం తీశాను.

నీకు స్కాటీ మూర్ గురించి చెప్పాలి. ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుల్లో గొంతు పక్కన మోగే గిటారు ఆయనదే. 1931లో టెనెసీలో గాడ్స్‌డెన్ అనే ఊరి దగ్గర పుట్టాడు. నేవీలో చేసి వచ్చాక మెంఫిస్‌లో అన్నగారి డ్రై క్లీనింగ్ షాపులో టోపీలు సాపు చేసేవాడు. పని అయ్యాక బ్యాండు.

1954 జూలై 5న సన్ స్టూడియోలో ముగ్గురు కూర్చున్నారు. ఎల్విస్‌కి 19 ఏళ్లు, స్కాటీకి 22, మూడో అతను బేస్ వాయించే బిల్ బ్లాక్. నెమ్మది పాటలు ప్రయత్నిస్తే ఒక్కటీ పండలేదు. కాసేపు ఆపినప్పుడు ఎల్విస్ ఉన్నట్టుండి ఆర్థర్ క్రుడప్ పాట 'దట్స్ ఆల్ రైట్' ఎత్తుకున్నాడు. గెంతుతూ పాడుతుంటే బిల్ కలిశాడు, వెంటనే స్కాటీ కలిశాడు. స్టూడియో యజమాని శాం ఫిలిప్స్ తల బయటపెట్టి, ఏం చేస్తున్నారు మీరు, మళ్లీ మొదటి నుంచి అందుకోండి అన్నాడు. అదే మొదటి రికార్డయింది.

ఆ పాట హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. అందులో డ్రమ్స్ లేవు. బిల్ తీగల్ని లాగి చెక్కకేసి కొట్టి టకటకలాడిస్తాడు, తాళం అదే. మిగతా ఖాళీ అంతా స్కాటీ నింపాలి. మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్కిన్స్ అనే గిటారిస్టుల వాయింపు విని పట్టుకున్న పద్ధతి ఆయనది: బొటనవేలు కింది స్వరాల తీగల మీద నడక ఆపదు, మిగతా వేళ్లు పై తీగల మీద రాగం పలికిస్తాయి. అయినా ఎల్విస్ నోరు తెరిచినప్పుడు ఆ వేళ్లు తగ్గుతాయి. ఊపిరి తీసుకునే సందులో ఒక చిన్న బిట్ పడుతుంది, మళ్లీ పక్కకి తప్పుకుంటుంది. నలభై ఏళ్లుగా వింటున్నాను, ఆ తప్పుకోవడం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. నీకు పట్టుబడితే నిన్ను ఏ గాయకుడూ వదులుకోడు.

1956 జనవరిలో నాష్‌విల్‌లో 'హార్ట్‌బ్రేక్ హోటల్' తీసినప్పుడు, స్కాటీ గురువుగా భావించిన చెట్ ఆట్కిన్స్ అదే గదిలో రిథమ్ గిటారు పట్టుకుని కూర్చున్నాడు. సోలో స్కాటీది. ఆ క్షణాన ఆ వేళ్లు ఎలా ఉండుంటాయో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. మొదట్లో సగం ఎల్విస్‌కి, పావు స్కాటీకి, పావు బిల్‌కి అని అనుకున్నారు. పేరు పెరిగాక ఆ వాటా పోయి జీతమైంది: ప్రోగ్రాంలుంటే వారానికి 200 డాలర్లు, లేకపోతే 100. దేశమంతా ఊగిపోతున్నా వాళ్ల చేతికొచ్చేది అంతే. 1957 సెప్టెంబరులో ఇద్దరూ మానేశారు. తర్వాత మళ్లీ పిలిస్తే స్కాటీ వెళ్లి వాయించాడు గానీ, రోజు లెక్కన. 1968లో టీవీ షో కోసం ఎల్విస్ పక్కన కూర్చున్నాడు. ఎల్విస్ ఆయన గిటారే తీసుకుని వాయించాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వాయించలేదు. స్కాటీ నాష్‌విల్‌లో రికార్డింగ్ ఇంజనీరుగా బతికాడు, దాదాపు 24 ఏళ్లు గిటారు పక్కన పెట్టేశాడు. అది తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఎందుకంటే నాకు తెలుసమ్మా ఆ బాధ. నేను ఆరేళ్లు ఒక ఆర్కెస్ట్రాలో వాయించాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, తెల్లవార్లూ ప్రోగ్రాంలు. పేమెంటు సంగతెత్తితే "అయ్యాక చూసుకుందాం" అనేవాడు నిర్వాహకుడు. మీ నానమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు నెలల బాకీ అడిగాను. "లెక్క ఏదీ?" అన్నాడు. నా దగ్గర చిన్న చీటీ కూడా లేదు. గిటారు అమ్మేసి బిల్లు కట్టాను. తప్పు ఆయనది ఎంతో, అడగడానికి మొహమాటపడిన నాదీ అంతే.

కాబట్టి వెనక నిలబడు తల్లీ, భయపడకు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్లు పక్కవాద్యకారులకంటూ ప్రత్యేక విభాగం మొదలుపెట్టిన ఏడాదే స్కాటీని అందులోకి తీసుకున్నారు. ఆ గౌరవం ఊరికే రాలేదు, ఆయన వాయించిన బిట్లను ప్రపంచమంతా కుర్రాళ్లు నేర్చుకుంటూ వచ్చారు. నీ పని ఏమిటంటే, రోజుకి ఎంత, రికార్డింగుకి ఎంత, ప్రయాణం, తిండి ఎవరివి, రద్దయితే ఏమిస్తారు, అన్నీ రాయించుకోవడం. రిహార్సల్‌కి కూడా డబ్బు అడుగు. అడిగితే పొగరనుకుంటారేమో అని ఆలోచించకు.

వాళ్లు పంపిన కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? వచ్చే ఆదివారం ఇటు రా, చదువుదాం. గిటారు కూడా తెచ్చుకో. స్కాటీ వాయించిన 'మిస్టరీ ట్రైన్'లో బొటనవేలు ఎలా నడుస్తుందో నేను పట్టుకున్నంతవరకు చూపిస్తాను. మీ పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న