సంగ్రహము, ఉత్సర్గము: సాలార్‌జంగ్ ప్రదర్శనశాల – ధర్మశాస్త్ర దృష్టి

గ్రహధాతువునకు స్వీకరించుట అర్థము. ‘సమ్’ అను ఉపసర్గ చేరగా సంగ్రహమైనది. చెదరియున్నవానిని ఒకచోట కూర్చుట దాని భావము. ‘పరి’ చేరగా పరిగ్రహమైనది. తనదిగా చేసికొనుట దాని భావము. కూర్చినవాడు కళావస్తువులను తనవిగా ఉంచుకొన్నంత కాలము ఆ సంగ్రహము పరిగ్రహమే. అది ప్రజల ప్రదర్శనశాల ఎప్పుడగును? ద్వారము తెరచిన చాలునా? ఈ ప్రశ్నకు సమాధానము ధర్మశాస్త్రములలోని పూర్తవిచారమున లభించును.

యజ్ఞాదులు ఇష్టములు, చెరువు, నూయి, తోట, దేవాలయము మొదలగునవి పూర్తములు. పూర్తమునకు ఉత్సర్గము ప్రాణము. దానమునకును ఉత్సర్గమునకును భేదము కలదు. దానమున దాత స్వత్వము తొలగి ప్రతిగ్రహీతకు స్వత్వము కలుగును. ఉత్సర్గమున దాత స్వత్వము తొలగును గాని, దాని స్థానమున మరియొక వ్యక్తి స్వత్వము రాదు. చెరువు త్రవ్వించినవాడు ఉత్సర్గానంతరము ఆ నీటిని త్రాగవచ్చును. అయితే యజమానిగా కాదు, నలుగురిలో ఒకడుగా. కాబట్టి త్రవ్వించుటచే పూర్తము సిద్ధింపదు, విడుచుటచే సిద్ధించును. కళాసంగ్రహమునకును ఈ న్యాయమే వర్తించును.

ఈ దృష్టితో పరిశీలింపదగినది సాలార్‌జంగ్ ప్రదర్శనశాల. హైదరాబాదు తూర్పుభాగమున నివసించు విద్యార్థులకు ఇది సమీపముననే కలదు. ఎల్.బి.నగర్‌లో మెట్రోరైలు ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల మీదుగా మహాత్మాగాంధీ బస్సుస్టేషన్ చేరి, అటనుండి మూసీ దక్షిణతీరమున గల ఈ భవనమునకు పోవచ్చును.

ఈ సంగ్రహము ఒక్క తరమున ఏర్పడినది కాదు. నిజాము దివానుగా 1853 నుండి 1883 వరకు పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునగరమున బెంజోనీ అను శిల్పి మలచిన ‘మేలిముసుగు రెబెకా’ విగ్రహమును కొనెను. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1889లో జన్మించెను. 1912లో దివాను పదవిని పొంది, 1914లో దానిని వదలి, శేషజీవితమును వస్తుసంగ్రహమునకు వినియోగించెను. చిత్రములు, శిల్పములు, గడియారములు, దంతపు పనితనము గల వస్తువులు, ఆయుధములు, అరబ్బీ పారశీక ఉర్దూ వ్రాతప్రతులు దివాన్‌దేవిడీ భవనమున నిండెను. 1949 మార్చి 2న ఆయన మరణించెను. వివాహము చేసికొనలేదు, సంతానము లేదు.

మరణానంతరము ఆస్తినిర్వహణకు ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. నాటి హైదరాబాదు ముఖ్య పాలనాధికారి వెల్లోడి ప్రదర్శనశాల స్థాపనమునకు పూనుకొనెను. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువుల అమరికకు తోడ్పడెను. 1951 డిసెంబరు 16న దివాన్‌దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. అయినను స్వత్వవిషయము అప్పటికి తేలలేదు. 1958లో వారసులతో కుదిరిన రాజీ ద్వారా భారతప్రభుత్వము నిర్వహణభారమును స్వీకరించెను. 1961లో పార్లమెంటు దీనిని జాతీయప్రాముఖ్యము గల సంస్థగా శాసనముచే ప్రకటించెను. 1968లో ప్రదర్శనశాల నేటి భవనమునకు మారెను. కాగా 1951లో ద్వారము తెరచుకొన్నది. ఉత్సర్గము పదేండ్లకు గాని స్థిరపడలేదు. ఈ రెంటిని ఒకటిగా భావింపరాదు.

ఇచట ఒక ఆక్షేపము. సంగ్రహకర్త సంకల్పము లేనిదే ఉత్సర్గమెట్లు? విలునామా వ్రాసిన పారిశ్రామికునితో పోల్చిన ఈ ఆక్షేపబలము తెలియును. అమెరికాలో బొగ్గు, ఉక్కు పరిశ్రమలచే ధనవంతుడైన హెన్రీ ఫ్రిక్ 1919లో మరణించెను. తన న్యూయార్కు గృహమును, చిత్రసంగ్రహమును ప్రజలకు చెందవలెనని విలునామా వ్రాసెను. భార్య మరణానంతరము, 1935లో, అది ప్రదర్శనశాలగా తెరువబడెను. హైదరాబాదుననే చిత్రకారులైన జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు 1976లో, జీవించియుండగనే, తమ సంగ్రహమును ఒక న్యాసమునకు అప్పగించిరి. వీరి విషయమున సంకల్పము స్పష్టము. సాలార్‌జంగ్ విషయమున సంగ్రహకర్త కూర్చెను, విడిచినవారు వారసులు, నిలిపినది శాసనము. స్వత్వము గలవాడే విడువగలడు గనుక, ఆయన అనంతరము హక్కు కలిగిన వారసుల అంగీకారముచే ఇచట ఉత్సర్గము సిద్ధించినది. అయితే త్యాగమను పేరు ఒక్క సంగ్రహకర్తకే చెల్లునని చెప్పుట తగదు.

రెండవ ఆక్షేపము ద్రవ్యశుద్ధిని గూర్చినది. సాలార్‌జంగ్ పారిశ్రామికుడు కాడు, జాగీర్దారు. ఆయన విగ్రహములు కొన్న ధనమునకు మూలము జాగీరుగ్రామముల రైతులు చెల్లించిన శిస్తు. ఆయన మరణించిన అయిదున్నర మాసములకే, 1949 ఆగస్టులో, హైదరాబాదు రాజ్యమున జాగీర్లు రద్దయ్యెను. ఫ్రిక్ చరిత్రయు నిర్మలము కాదు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారమున ఆయన నిర్వహణలో జరిగిన సంఘర్షణమున కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ధనార్జనమార్గమున దోషమున్నచో ఉత్సర్గము దానిని కడుగునా? కడుగదు. ఉత్సర్గము ముందునకు స్వత్వమును నిర్ణయించును గాని గడచిన ఆర్జనమును మార్చదు. అట్లని ప్రజలు ఆ వస్తువులను త్యజింపవలెననుటయు సరికాదు. శిస్తుగా, శ్రమగా ఎవరినుండి వచ్చెనో వారి సంతతికే అవి దర్శనయోగ్యములగుట న్యాయమునకు సమీపము.

సిద్ధాంతమిది. ప్రదర్శనశాలకు మూడు లక్షణములుండవలెను: సంగ్రహము, స్వత్వనివృత్తి, సర్వజనోపభోగ్యత. మొదటిది కర్త ప్రతిభ. రెండవది విధిపూర్వకమైన త్యాగము. మూడవది నిర్వాహకుల నిత్యకర్తవ్యము. నిక్షేపమును రక్షించువాడు దానిని తనదిగా వాడుకొనరాదని వ్యవహారకాండము విధించుచున్నది. ప్రభుత్వమునకును ఆ నియమమే వర్తించును. ప్రతివస్తువు ప్రక్కన శిల్పి పేరు, కాలము వ్రాయుదురు. అది ఏ ధనముతో వచ్చెనో, ఎట్లు ప్రజలదయ్యెనో కూడ వ్రాయుట ఈ కర్తవ్యములో భాగము. ఎల్.బి.నగర్ నుండి వచ్చిన విద్యార్థి రెబెకా ముసుగులోని నైపుణ్యముతోపాటు ఈ వృత్తాంతమును గూడ తెలిసికొని మరలిపోవలెను.