పశువైద్య పాఠశాలల పుట్టుక

పశువైద్యము మిక్కిలి ప్రాచీనమైనది; పశువైద్య పాఠశాల యన్ననో యించుమించు రెండువందల యరువదియేండ్ల నాటిది. అశ్వవైద్యమును జెప్పిన శాలిహోత్రుని పేరు మన దేశమున బహుకాలముగా ప్రసిద్ధము. ఐరోపాయందును గుఱ్ఱములకు లాడములు కొట్టు కమ్మరులు, పశువుల కాపరులు తమకు దెలిసిన చికిత్సలు చేయుచుండిరి. కాని యా విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెడిదే గాని, పదిమంది కూడి పరీక్షించి నేర్చుకొనునది గాకుండెను. పాఠశాల వలన గలిగిన మార్పేమో యిచట చెప్పదలచితిమి.

క్రీ. శ. 1700 తరువాత ముసరవ్యాధి ఐరోపాయందు పలుమాఱులు చెలరేగి లక్షలకొలది పశువులను జంపెను. ఎద్దు చచ్చిన దుక్కి లేదు; ఆవు చచ్చిన బిడ్డలకు పాలు లేవు. ఆ దినములలో ఫ్రాన్సు దేశమునందలి లియాన్ పట్టణమున క్లాడ్ బూర్జెలా యనునతడు గుఱ్ఱపుస్వారి నేర్పు శాలకు అధిపతిగా నుండెను. అతడు శస్త్రవైద్యుల సాయమున గుఱ్ఱముల కళేబరములను గోసి దేహనిర్మాణమును గ్రహించెను. 1761 లో ప్రభుత్వానుమతి వడసి, మఱుసటి సంవత్సరమున పాఠశాలను దెఱచెను. లోకమున మొదటి పశువైద్య పాఠశాల యిదియే.

అచటికి పరదేశములనుండియు విద్యార్థులు వచ్చిరి. వారిలో అబిల్గార్డ్ 1773 లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ నందును, హెర్న్‌క్విస్ట్ 1775 లో స్వీడను దేశపు స్కారా యందును పాఠశాలలు నెలకొల్పిరి. 1791 లో లండనునందు వెలసిన పాఠశాలకు మొదటి యాచార్యుడును లియాన్ విద్యార్థియే.

మన దేశమున 1882 లో లాహోరునందును, 1903 లో మద్రాసునందును ఇట్టి కళాశాలలు వెలసెను. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల విద్యార్థులకు మద్రాసు కళాశాలయే యాధారమయ్యెను. పిమ్మట 1946 లో హైదరాబాదునందు కళాశాల యేర్పడెను. 1955 లో ఆంధ్రరాష్ట్రమున స్థాపింపబడినది తరువాత తిరుపతియందు స్థిరపడెను.

ఇక ముసరవ్యాధి మాట. 1920 తరువాత హిమాలయ ప్రాంతమందలి ముక్తేశ్వర పరిశోధనాలయమున ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ రోగబీజమును మేకనుండి మేకకు పలుమాఱులు ఎక్కించి, దాని యుగ్రతను దగ్గించి, పశువులకు టీకాగా నుపయోగించెను. పిదప ప్లౌరైట్ అను వైద్యుడు మఱింత నిరపాయమగు టీకాను గనుగొనెను. కళాశాలలలో శిక్షణ పొందిన వైద్యు లూరూర దిరిగి పశువులకు టీకాలు వేసిరి. తుదకు 2011 లో ఆ వ్యాధి భూమిపై నశించినదని ప్రకటింపబడెను.

బూర్జెలా పాఠశాల తెఱచిననాడు ముసరవ్యాధికి మందు లేదు. దాని బీజమెట్టిదో యెవరికిని దెలియదు. అనుమతి లభించిన నాటినుండి రోగనాశన ప్రకటనము వఱకు 250 ఏండ్లు గడచెను. ఒక తరము కనుగొన్నదానిని వ్రాసియుంచి మఱియొక తరమునకు బోధించుటచేతనే యీ కార్యము నెఱవేఱెను. విద్యార్థులారా! గురువునకు దెలియని సంగతి యెదురైనప్పుడు నిరాశ చెందకుడు. మీరు చూచినదానిని శ్రద్ధతో వ్రాసిపెట్టుడు. రాబోవువా రచటనుండి మొదలిడుదురు.