అమ్మ మతి తప్పిందని రాయించాలా?

సమస్య

నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1970ల్లో ఇంగ్లండ్ వెళ్లి బర్మింగ్‌హామ్‌లో డాక్టరుగా స్థిరపడ్డారు. ఆయన పోయి పన్నెండేళ్లవుతోంది. ఉన్నదంతా అమ్మ పేరున వీలునామా రాశారు. అమ్మకిప్పుడు 79. ముందునుంచీ ఆమె తీరే వేరు. పట్టుచీర మీద నాన్న పాత కోటు వేసుకుని ఊరంతా తిరిగేది. సముద్రం చూడాలనిపిస్తే టాక్సీ మాట్లాడుకుని పోయేది. తెలిసినవాళ్ల హోటల్ వ్యాపారంలో పెట్టిన డబ్బు చాలావరకు మునిగిపోయింది. ఇల్లు అమ్మేసి ఇప్పుడు ఒక పెద్ద హోటల్ గదిలో ఉంటోంది. వారానికోసారి పదిమందిని పిలిచి భోజనాలు పెడుతుంది. ఒక సంగీత విద్యార్థికి ఫీజులు కడుతోంది. మిగిలింది అరవై వేల పౌండ్లు. ఈమధ్య గుండె వాల్వు మూసుకుపోతోందని, మార్చాలని డాక్టర్లు చెప్పారు. ఛాతీ కోయించుకోనంది. ‘చూడాల్సింది చూశాను, చాలు’ అంటోంది. నాన్న కష్టార్జితం కరిగిపోతుంటే చూడలేకపోతున్నాను. ఆమె మతి సరిగా లేదని డాక్టరుతో రాయించి, కోర్టు ద్వారా డబ్బు నా చేతిలోకి తీసుకుని, ఆమెను హైదరాబాద్ తెచ్చుకోవడం తప్పా?

- ఒక కూతురు, హైదరాబాద్

సలహా

మీ ఉత్తరంలో డబ్బు గురించిన భయం, అమ్మ పోతుందన్న భయం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండోది చాలా పెద్దది, దాన్ని పైకి అనడం కష్టం. అందుకే డబ్బు ముందుకొచ్చిందనుకుంటున్నాను. కాబట్టి డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. వీలునామా అమలైన రోజునుంచీ ఆ ఆస్తి మీ నాన్నగారిది కాదు, పూర్తిగా మీ అమ్మగారిది. ఇండియాలో కూడా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీ చేతికొచ్చిన ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానిని చేసింది. మనకు మిగల్చకుండా ఖర్చుపెట్టేస్తోందన్న బాధ సహజమే. అయితే అది ఆమె మతి మీద అనుమానపడటానికి ఆధారం కాదు.

ఇంగ్లండులో ఈ విషయాన్ని తేల్చేది 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం. నిరూపణ అయ్యేదాకా ప్రతి పెద్ద మనిషికీ నిర్ణయశక్తి ఉన్నట్టే భావించాలని, తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ శక్తి లేదనకూడదని అది మొదటి సెక్షన్‌లోనే చెబుతుంది. డాక్టరు చూసేది నాలుగు సంగతులు: విషయం అర్థం చేసుకోగలదా, తగినంతసేపు గుర్తుంచుకోగలదా, మంచిచెడ్డలు తూచగలదా, తన నిర్ణయం చెప్పగలదా. అది కూడా ఏ నిర్ణయానికా నిర్ణయానికి విడిగా చూస్తారు. 2015లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి కోర్టుకు తీసుకెళ్లిన కేసు మీరు తెలుసుకోవాలి. యాభై ఏళ్ల స్త్రీ, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ వద్దంది. ఆడంబరంగా, మెరుపులా బతికిన మనిషి. ఆ మెరుపు పోయిన బతుకు తనకక్కర్లేదంది. సైకియాట్రిస్టుల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. తల్లి జీవితమంతా ఎలా బతికిందో, ఈ నిర్ణయం ఆ స్వభావానికి ఎలా సరిపోతుందో కూతురు సాక్ష్యం చెప్పింది. తల్లికి నిర్ణయశక్తి ఉందని జడ్జి తీర్పిచ్చారు. అమ్మను అందరికంటే బాగా ఎరిగిన మనిషిగా ఆ కూతురు చెప్పగలిగింది, ఎంత బాధైనా, ‘ఈమె ఇంతే’ అన్న మాట. మీ ఉత్తరంలో ‘ముందునుంచీ ఆమె తీరే వేరు’ అన్న వాక్యం కోర్టు చదివితే అది మీ వాదనకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది.

నిజంగానే మతి తప్పుతుంటే, దాన్ని స్వభావం అనుకుని ఊరుకుంటే ఎలా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే ఒక రకం డిమెన్షియాలో జ్ఞాపకశక్తి బాగానే ఉండి, దుబారా, మొహమాటం లేని ప్రవర్తన ముందు బయటపడతాయి. అక్కడ చూడాల్సింది విచిత్రాన్ని కాదు, మార్పుని. పొదుపరి దుబారా మనిషిగా మారితే, మాటకారి మూగబోతే, లెక్క తెలిసిన మనిషి చిల్లర దగ్గర తడబడితే డాక్టరుకు చూపించాలి. లోరియాల్ కంపెనీ వారసురాలు, వితంతువు లిలియాన్ బెతాంకూర్ ఒక ఫొటోగ్రాఫర్‌కు కోట్ల యూరోలు ఇచ్చేస్తోందని 2007లో కూతురే ఫిర్యాదు చేసింది. వైద్యపరీక్షలో డిమెన్షియా తేలాక, 2011లో ఫ్రెంచి కోర్టు ఆమెను కుటుంబ సంరక్షణలో పెట్టింది. ఫొటోగ్రాఫర్‌కు 2015లో శిక్ష పడింది. అంటే కూతురి అనుమానం నిజమే. కానీ నిలబడింది వైద్య నిర్ధారణ మీద, ఖర్చుల చిట్టా మీద కాదు. ఈలోగా తల్లీకూతుళ్లు ఏళ్లతరబడి పత్రికల్లో పరస్పరం పోట్లాడుకున్నారు. మీ అమ్మగారి విషయంలో ఆ విద్యార్థి మీద అనుమానముంటే, ఎంత ఇస్తోంది, ఎవరికి చెప్పి ఇస్తోంది అని ఆమెనే సూటిగా అడగండి. దాచకుండా చెబితే అది దానం. దాచిపెట్టినా, అడిగితే భయపడినా అప్పుడు ఆలోచించాలి. ఆ పరిస్థితిలో ఆమె ఉండే ప్రాంతపు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే వాళ్లు విచారించాల్సిన బాధ్యత చట్టంలోనే ఉంది.

అరవై వేలూ అయిపోతే వీధిన పడుతుందన్నది మీ అసలు భయం కావచ్చు. హోటల్ ఖర్చులకు ఆ డబ్బు ఎక్కువకాలం రాదు, నిజమే. అయితే ఇంగ్లండులో పొదుపు 23,250 పౌండ్లు దాటినంతకాలమే సంరక్షణ (కేర్) ఖర్చు మొత్తం మనిషి పెట్టుకోవాలి. దానికి దిగువన కౌన్సిల్ పాలుపంచుకోవడం మొదలవుతుంది. 14,250 కంటే తగ్గితే పొదుపును అసలు లెక్కలోకి తీసుకోరు, పెన్షన్ నుంచి మాత్రం కట్టించుకుంటారు. హాస్పిస్‌లో చివరి రోజుల సంరక్షణకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఒక్క హెచ్చరిక అవసరం. కేర్ ఖర్చు తప్పించుకోవడానికే డబ్బు పంచేసిందని కౌన్సిల్ అనుకుంటే, ఆ డబ్బు ఇంకా ఆమె దగ్గరున్నట్టే లెక్క కడుతుంది. అలవాటైన భోజనాలకు, టాక్సీలకు ఆ ఇబ్బంది రాదు. పెద్దపెద్ద బహుమతులకు రావచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పండి. ఇంత లోకం చూసిన మనిషికి అర్థం కాకపోదు.

హైదరాబాద్ తెచ్చుకోవడం వినడానికి చల్లగా ఉంది. కానీ ఇండియాలో స్థిరపడితే బ్రిటన్ స్టేట్ పెన్షన్ ఏటా పెరగడం ఆగిపోతుంది, అప్పటికి వస్తున్నంతే వస్తుంది. అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉచిత వైద్యం బ్రిటన్‌లో నివాసం ఉన్నవాళ్లకే కాబట్టి అదీ పోతుంది. వాల్వు జబ్బుతో ఈ వయసులో మనదగ్గర ఆరోగ్య బీమా దొరకడం కష్టం. అన్నిటికీ మించి, దాదాపు యాభై ఏళ్లుగా బతికిన ఊరు ఆమెకు బర్మింగ్‌హామ్. పరదేశంలో ఉన్నది మీ లెక్కలోనే, ఆమె లెక్కలో కాదు.

ఇక నా మనసులో అన్నిటికంటే ముందున్నది వాల్వు. ‘ఛాతీ కోయించుకోను’ అన్నది, అంతేకదా? ఛాతీ కోయకుండా కాలి రక్తనాళం గుండా కొత్త వాల్వును పంపే పద్ధతి ఉంది, టావీ అంటారు. 2002లో ఫ్రాన్సులో అలాన్ క్రిబియే మొదటిసారి చేశారు. మూసుకుపోతున్నది బృహద్ధమని దగ్గరి వాల్వు అయితే ఆ వయసువాళ్లకు ఇప్పుడు తరచూ అదే సూచిస్తున్నారు. ఇతర మార్గాలు వివరించడం డాక్టరు విధి అని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గొమరీ కేసులో చెప్పింది. ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో కనుక్కోండి. తెలిసి వద్దంటే అది నిర్ణయం. తెలియక వద్దంటే ఇంకా నిర్ణయం జరగనట్టే. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బు ఎక్కువ గడువివ్వదు కాబట్టి ఈ ఫోన్ ఇవాళే చేయండి.

టావీ కూడా వద్దంటే, ఆమె మాట కాగితం మీదకు రావాలి. ప్రాణాపాయమున్నా సరే ఫలానా చికిత్స వద్దని రాసి, సాక్షి ముందు సంతకం చేస్తే ఆ ముందస్తు నిర్ణయాన్ని డాక్టర్లు పాటించాల్సిందే. తన తరఫున నిర్ణయించే అధికారమిచ్చే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రాలు, ఆరోగ్యానికొకటి, డబ్బుకొకటి, ఆమె రాయొచ్చు. హైదరాబాద్‌లో ఉంటూనే మీరు అటార్నీ కావచ్చు. నిర్ణయశక్తి ఉన్నప్పుడు రాస్తేనే ఇది చెల్లుతుంది. మీరు కోర్టుకు వెళ్లి తీసుకోవాలనుకున్న అధికారం, ఆమెకు ఇష్టమైతే, ఇలా ఆమె చేతులతోనే మీకు రావచ్చు. అవసరమైన మేరకే అనుకోండి. ఆరోగ్యం గురించిన అధికారం ఆమె నిర్ణయించలేని స్థితికి వచ్చాకే పనికొస్తుంది.

అంత్యక్రియల మాట కూడా ఆమెనే అడగండి. దేవేందర్ ఘాయ్ కేసులో 2010లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు కట్టడం లోపల చితిమీద దహనానికి చట్టం అడ్డు కాదంది. అయినా ఆచరణలో అక్కడి మనవాళ్లు సాధారణంగా క్రిమటోరియానికే వెళ్తారు, ఇంటివాళ్లు దగ్గరుండొచ్చు. అస్థికలు కృష్ణలో కలపాలా, ఆమె టాక్సీ కట్టించుకుని చూసొచ్చిన సముద్రంలోనా అన్నది ఆమెకే తెలుసు, మీకు చెప్పడానికి ఇబ్బందిపడే మనిషిలాగానూ కనిపించడం లేదు. ఈసారి వెళ్లినప్పుడు డబ్బు లెక్కలు అడగకుండా ఒక వారమైనా ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చోండి. ఆ పదిమందిలో రేపు అర్ధరాత్రి ఆమెకు బాగాలేకపోతే మీకు ఫోన్ చేసేదెవరో తెలుసుకుని, వాళ్ల నంబరు రాసుకుని రండి.